ఇంటి మరమ్మతులు: మేకును, మరమేకును

జీడిమెట్ల పారిశ్రామికవాడలోను, దాని చేరువనున్న బాలానగరులోను ఇనుమును చెక్కి, తొలిచి, మరలు దీయు కర్మాగారములు పెక్కు గలవు. ఈ జంటనగరములలో నీ విద్య నిన్న నేడు పుట్టినది కాదు. సికిందరాబాదున ప్రాగా టూల్సు సంస్థ 1943లోనే వెలసెను. పనిముట్ల రూపకల్పనను నేర్పు కేంద్రసంస్థ 1968లో బాలానగరున ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ కార్మికసంస్థల తోడ్పాటుతో నేర్పడెను. ఇట్టి తావున నుండియు మనలో ననేకులు ఇంటితలుపు గడియ యూడినచో దానిని త్రాటితో గట్టి దినములు గడుపుచుందురు. మర యనగా స్తంభమునకు జుట్టిన వాలుతలమని పరీక్షలో వ్రాసి మార్కులు దెచ్చుకొందురు గాని, ఆ వాలుతలము చెక్కలో నేమి చేయునో యూహింపరు.

ఇది చిన్న సంగతి యని త్రోసివేయరాదు. రాత్రి షిఫ్టునకు బోవు తండ్రి, ఇంటనున్నవారు లోపల గడియ వేసికొని నిదురింతురను ధైర్యముతో బోవును. ఆ ధైర్యమంతయు నాలుగు మరమేకులపై నాధారపడి యున్నది. అవి యెట్లు పట్టుకొనునో, యెందుకు వదలునో తెలిసికొనుటయే మా యీ వ్యాసమునకు విషయము.

మొదట మేకును గూర్చి. సుత్తితో గొట్టినప్పుడు మేకు తన దారిలోని చెక్కనారలను ప్రక్కకు నెట్టి, కొంతవఱకు క్రిందికి వంచి, వాని నడుమ దూరును. వంగిన యా నారలు మరల తమ చోటికి రాజూచుచు మేకును నొత్తి పట్టును. ఆ యొత్తిడియు, దాని వలన గలుగు రాపిడియు దప్ప మేకునకు వేఱాధారము లేదు. కనుకనే అడ్డముగా బడు బరువును మేకు చక్కగా మోయును గాని, తన నిడివి వెంట లాగినచో నూడి వచ్చును. పెట్టెపలకలు జోడించుటకు మేకులు చాలును. దినమునకు పదిసార్లు లాగబడు గడియకు జాలవు. పై పలక మందమునకు రెండున్నర లేక మూడు రెట్ల నిడివి గల మేకును గొట్టుట మంచిది. రెంటిని గొట్టునపుడు ఒకదాని కొకటి యెదురువాలుగా గొట్టినచో పట్టు హెచ్చును.

చెక్క యంచునకు మిక్కిలి దగ్గఱగా మేకు గొట్టిన చెక్క నిలువున బగులును. దీనికి వడ్రంగులు చేయు నుపాయము వినుటకు వింతగా నుండును. వారు మేకును తలక్రిందుగా నిలిపి, దాని మొనను సుత్తితో నొక్క దెబ్బ కొట్టి మొద్దుబఱతురు. వాడిమొన గొడ్డలివలె నారలను విడదీయును. మొద్దుమొన వానిని త్రెంచుకొని పోవును గాని చీల్చదు. పట్టు కొంత తగ్గును, చెక్క మాత్రము దక్కును. పనికిరాని చెక్కముక్కపై రెండు విధములను గొట్టి చూచినవారికి మా మాట నమ్ముటకు వేఱు సాక్ష్య మక్కఱలేదు.

మరమేకు, అనగా స్క్రూ, వేఱు తెగకు జెందినది. ఇది రాపిడిని మాత్రమే నమ్ముకొని యుండదు. దాని మరలు నారలలోనికి గోసికొని పోయి, మెట్టు మెట్టునకును చెక్క నాని నిలుచును. కావున నిడివి వెంట లాగినను చెక్కను చించుకొని గాని రాదు. పూర్వము వీని కొన మొద్దుగా నుండెడిది. మొన గల మరమేకులను జేయు నమెరికా యంత్రముల హక్కును నెట్టిల్‌ఫోల్డు, చేంబర్లేను కుటుంబములవారు 1854లో సంపాదించి, ఇంగ్లాండునందలి బర్మింగుహామున వానిని విరివిగా జేసిరి. పిమ్మట నా దేశపు రాజకీయములలో బ్రసిద్ధుడైన జోసెఫ్ చేంబర్లేను యువకుడుగా ధనమార్జించిన దీ మరమేకుల వర్తకమునందే.

మొన యున్నది గదా యని రంధ్రము వేయకయే మరమేకును త్రిప్పుట మన యిండ్లలో తఱచు జరుగు పొరపాటు. అంతకంటె గొప్పది దానిని సుత్తితో సగము దిగగొట్టి, మిగిలిన సగము త్రిప్పుట. అట్లు చేసినపుడు మరలు నారలను గోయుటకు మాఱు చించివేయును. మరమేకు పేరునకు మరమేకు, పనికి మేకు మాత్రమే యగును. చేయవలసిన దేమనగా, మరల నడుమ నుండు కాండ మెంత లావో అంత రంధ్రమును క్రింది చెక్కలో బరమాతో వేయవలెను. 4 మిల్లీమీటర్ల మరమేకునకు టేకు వంటి గట్టి చెక్కలో నించుమించు 3 మిల్లీమీటర్ల రంధ్రము సరిపోవును. పైపలకలో నైతే మరలతో గూడ స్వేచ్ఛగా దూరునంత రంధ్ర ముండవలెను. లేనిచో మరలు రెండు పలకలను గూడ పట్టుకొని, వాని నడుమ సందును మూయనీయవు. మరలకు కొంచెము మైనము రాచిన త్రిప్పుట సులభమగును. సబ్బు రాచుట వాడుకలో నున్నను, అది తేమను బట్టి యినుమునకు త్రుప్పు దెచ్చును.

పేచ్‌కస్ మొన మరమేకు తలయందలి గాడికి సరిగా గుదిరినదై యుండవలెను. సన్నని పేచ్‌కస్‌తో పెద్ద మరమేకును త్రిప్పినవాడు గాడిని జెఱుపును. గాడి చెడిన మరమేకును దీయుట వడ్రంగికిని కష్టమే. కూడికగుర్తు వంటి గాడి గల తలలు అమెరికాలో ఫిలిప్స్ అను నాతని పేర 1930ల నడుమ వ్యాపించినవి. వీనికి వీని పేచ్‌కస్‌నే వాడవలెను.

ఇక తలుపు సంగతి. 2020 అక్టోబరులో మా ప్రాంతపు ఫాక్స్‌సాగర్ చెఱువు పొంగి, ఉమామహేశ్వర కాలనీ యిండ్లు దినముల తరబడి నీట నిలిచిన సంగతి చదువరులు మఱచియుండరు. అట్టి వరదలో చెక్క నీటిని బీల్చి యుబ్బును. ఎండిన పిదప గ్రుంగును. ఉబ్బినపుడు నారలు మేకును వెలుపలికి నెట్టును, క్రుంగినపుడు పట్టు వదలును. వరద రాని యిండ్లలోను ప్రతి వానకాలమునందు నిదియే కొలదిగా జరుగుచుండును. మడతబందుల మరమేకులు వదులై తలుపు నేలను రాచుకొనుటకు దఱచు కారణ మిదియే. అప్పుడు తలుపు నడుగున చిత్రిక పట్టుట తొందరపాటు. ముందు పై మడతబందును జూడవలెను; తలుపు బరువులో నధికభాగమును లాగుచుండునది యదియే. మరమేకు ఊరక తిరుగుచున్నచో రంధ్రము పెద్దదైనదని యర్థము. దానిని దీసి, వెదురుపుల్లలను జిగురులో ముంచి రంధ్రము నిండ గొట్టి, జిగు రారిన తరువాత పొడుగున్న భాగమును గోసి, మరల సన్నని రంధ్రము వేసి బిగింపవలెను. త్రుప్పుపట్టి కదలని మరమేకునకు రెండుచుక్కలు కిరోసిను వేసి, కొంతసేపు తాళి, మొదట బిగించు దిక్కుననే రవంత కదల్చి, ఆ తరువాత వెనుకకు త్రిప్పిన నెక్కువగా లొంగును.

గోడలో నారలు లేవు. ఇటుకయు సిమెంటును వంగి మేకును బట్టునవి కావు, పొడియగునవి. కావున గోడకు బరమాతో రంధ్రము వేసి, అందు గిట్టి నమర్చి, దానిలో మరమేకును బిగింతురు. మరమేకు దూరుకొలది గిట్టి విచ్చుకొని గోడను నొత్తును. నారతో జేసిన యిట్టి గిట్టిని 1911 ప్రాంతమున రాలింగ్సు అను నాంగ్లేయుడు లండనునందలి బ్రిటిష్ మ్యూజియము గోడలకు విద్యుత్పరికరములు బిగించుటకై కల్పించెను. పైపూతలో మాత్రమే దిగిన గిట్టి నిష్ప్రయోజనము. అది ఇటుకలోనికి దిగవలెను. స్విచ్చుబోర్డునకు నేరుగా పైనను క్రిందను రంధ్రము వేయరాదు. తీగలు సాధారణముగా నా దారిననే పోవును. ఇంటిలో నెవరికి తెలియకపోయినను ఈ యొక్క మాట బాలురకు దెలియవలెను.

నట్టులును బోల్టులును సైకిలు గలవారికి పరిచితములే. ఎడమ పెడలు మర తక్కినవానికి విరుద్ధముగా దిరుగునని మాత్రము జ్ఞాపకముంచుకొని, పానాతో బలము చూపవలెను.

పంకాను గూర్చి వ్రాయక మానలేము. కప్పులోని కొక్కెమునకు పంకాగొట్టమును బట్టియుంచునది యొక బోల్టు, దాని నట్టు. పంకా యదరుచుండును, అదరుట వలన నట్టు క్రమముగా వదులగును. నట్టు జాఱిపోకుండుటకై బోల్టుకొననున్న సన్నని రంధ్రములో రెండు కాళ్ల పిన్నును దూర్చి, కాళ్లను విడదీసి వంచియుంతురు. గిన్నెవంటి మూత వీని నన్నిటిని గప్పియుండుటచే పిన్ను ఉన్నదో లేదో క్రిందనున్న వారికి గనబడదు. పంకాను దుడుచునాడు పెద్దలచే మెయిను స్విచ్చు నాపించి, మూతను క్రిందికి జార్చి చూపుమని యడుగుడు. పిన్ను లేనిచో నా పంకాను త్రిప్పక, ఎలక్ట్రీషియను వచ్చి పిన్ను వేయువఱకు దాని క్రింద నెవరిని బండుకొననీయకుడు.