మదనపల్లె వేసవి టమోటా

మదనపల్లె వేసవి టమోటా అనగా ఆంధ్ర ప్రదేశ్ లోని పూర్వపు చిత్తూరు జిల్లా పశ్చిమ భాగంలో, మదనపల్లె, పుంగనూరు, సదుం, కుప్పం ప్రాంతాలలో ఎండాకాలమున పండించే టమోటా పంట. ఇతర ప్రాంతాలలో దిగుబడి తగ్గే నెలలలో ఇక్కడి కాయలు దూరపు నగరాలకు ఎగుమతి అవుతాయి. మదనపల్లెలోని టమోటా మార్కెట్టు దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి.

వాతావరణము
టమోటాకు మితమైన వేడి అవసరము. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటినా, రాత్రులు చల్లబడకపోయినా పూత రాలిపోతుంది, పిందె నిలువదు. అందువలన మైదాన ప్రాంతాలలో ఈ పంటకు శీతాకాలమే అనువైనది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండుట వలన వేసవి తీవ్రత కొంత తక్కువ. రైతులు బోరుబావుల నీటితో, బిందు సేద్యముతో, మొక్కలకు ఊతకర్రలు కట్టి ఈ పంటను పండిస్తారు. కనుక నగరవాసికి అకాలమున దొరికినట్లు కనిపించే కాయ, ఇక్కడ సకాలమున పండినదే.

కోత, రవాణా
దగ్గరి అంగళ్ళకు పంపే కాయలను ఎర్రబడిన తరువాత కోస్తారు. దూరపు ఊళ్ళకు పంపే కాయలను మాత్రం అడుగుభాగాన ఆకుపచ్చ రంగు విరిగే దశలోనే, లేదా దోరగా ఉండగా కోసి ప్లాస్టిక్ పెట్టెలలో లారీలకు ఎక్కిస్తారు. కాయ తానే విడుదల చేసే ఇథిలీన్ వాయువు వలన దారిలోనే పండుతుంది. అయితే కోసిన కాయకు మొక్క నుండి చక్కెరలు అందవు. అందుచేత అది ఎంత ఎర్రగా ఉన్నా, చెట్టున పండిన దాని రుచి రాదు.

నిల్వ
దోరకాయలను 12 నుండి 15 డిగ్రీల వద్ద ఉంచితే పండటం నెమ్మదిస్తుంది. అంతకంటే బాగా చల్లని చోట రుచి చెడుతుంది. 5 డిగ్రీల వద్ద వారం రోజులు ఉంచిన టమోటాలలో సువాసన ద్రవ్యాలు తగ్గినట్లు 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆపిల్ సంగతి వేరు. కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్ లలో ముఖ్యంగా ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య కోసిన ఆపిల్ పండ్లను, ఆక్సిజన్ తగ్గించిన శీతల గిడ్డంగులలో నెలల తరబడి నిలువ ఉంచి వేసవిలో కూడా అమ్ముతారు. పెద్ద దుకాణంలో పక్కపక్కన ఉన్న ఈ రెండింటి వయసులో నెలల తేడా ఉండవచ్చు.

ధరలు
ఎక్కువ కాలం నిలువ ఉండనందున, టమోటాను రైతు వచ్చిన ధరకే అమ్ముకోవలసి వస్తుంది. దిగుబడి ఎక్కువైతే కోతకూలి కూడా రాక కాయలను పారబోయటం జరుగుతుంది. తక్కువైతే కొనేవారికి భారమవుతుంది. 2023 జూలైలో అనేక నగరాలలో కిలో ధర 100 రూపాయలు దాటినపుడు, కేంద్ర ప్రభుత్వము ఆంధ్ర ప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో టమోటా కొనిపించి, ఢిల్లీలో మొదట కిలో 90 రూపాయలకు అమ్మించింది.

తాజాదనము గుర్తించుట
తాజాదనాన్ని కాయ అంగడికి చేరిన నాటి నుండి కాక, కోసిన నాటి నుండి లెక్కించాలి. తొడిమ ఉన్న కాయలలో అది పచ్చగా ఉంటే ఇటీవల కోసినదని, వాడి ఎండిపోతే కోసి చాలా రోజులైనదని సాధారణంగా గ్రహించవచ్చు.