గేమింగ్ పీసీ ఫ్యాన్ మోత మోగిపోతోందా? కొత్త కూలర్ కొనే ముందు ఇవి చూడండి

గేమ్ ఓపెన్ చేయగానే మీ పీసీ మిక్సీలా అరుస్తోందా? హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా వినిపిస్తోందా? చాలామంది వెంటనే కొత్త కూలర్‌కి ఆర్డర్ పెట్టేస్తారు. కానీ ఎక్కువసార్లు ఫ్యాన్ తప్పేమీ ఉండదు. లోపల వేడి పెరిగింది కాబట్టి అది స్పీడుగా తిరుగుతోంది, అంతే. ఆ వేడి ఎందుకు పెరిగిందో చూడకుండా ఫ్యాన్ మారిస్తే డబ్బులు దండగ, మోత అలాగే ఉంటుంది.

ముందు సౌండ్ ఏ రకమో వినండి

గాలి వీచినట్టు ఒకే తీరుగా వస్తుంటే ఫ్యాన్ బాగానే ఉంది, స్పీడే ఎక్కువైంది. టక్ టక్‌మని కొట్టుకుంటుంటే ఏదో కేబుల్ రెక్కలకు తగులుతోంది. పీసీ ఆఫ్ చేసి, సైడ్ ప్యానెల్ తీసి ఆ వైరును పక్కకు కట్టేస్తే సరి, రెండు నిమిషాల పని. గరగరమంటే మాత్రం బేరింగ్ అరిగినట్టే.

సన్నగా కీచుమనే సౌండ్ వేరు. ఎఫ్‌పీఎస్‌తో పాటు అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఫ్యాన్ కానే కాదు. గ్రాఫిక్స్ కార్డు లేదా పవర్ సప్లైలోని కాయిల్స్ కంపించడం వల్ల వస్తుంది. దీన్నే కాయిల్ వైన్ అంటారు. చిరాకు తప్ప ప్రమాదం లేదు.

ఏ ఫ్యాన్ అరుస్తోంది?

ఈమధ్య వస్తున్న చాలా గ్రాఫిక్స్ కార్డుల్లో పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోతాయి. కాబట్టి పీసీ ఖాళీగా ఉన్నప్పుడే మోత ఉంటే సీపీయూ కూలర్, క్యాబినెట్ ఫ్యాన్లు చూడండి. గేమ్‌లో మాత్రమే వస్తే ముందు గ్రాఫిక్స్ కార్డునే అనుమానించాలి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాన్ల ఆర్‌పీఎం, టెంపరేచర్లు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. అప్పటికీ తేలకపోతే పీసీ షట్‌డౌన్ చేసి, ఒక్కో క్యాబినెట్ ఫ్యాన్ కనెక్టర్ తీసి మళ్లీ ఆన్ చేసి వినండి. సీపీయూ కూలర్ ఫ్యాన్‌ జోలికి మాత్రం పోవద్దు. తిరిగే ఫ్యాన్‌ను వేలితో ఆపే సాహసం అసలే వద్దు.

వేడి ఎక్కడ ఇరుక్కుంది?

మామూలు ఎయిర్ కూలరైనా, లిక్విడ్ కూలరైనా ప్రాసెసర్‌ను గది కంటే చల్లగా చేయలేదు. జనవరిలో 25 డిగ్రీలున్న గది మే నెల విజయవాడలో 38 అయితే, లోపలి టెంపరేచర్లు కూడా దాదాపు అంతే పెరుగుతాయి. ఎండాకాలంలో మోత కాస్త పెరగడం సహజమే. సంక్రాంతి చలిలోనూ అలాగే అరుస్తుంటే అప్పుడు వెతకాలి.

దీనికో తేలికైన టెస్ట్ ఉంది. అరగంట గేమ్ ఆడి టెంపరేచర్లు రాసుకోండి. సైడ్ ప్యానెల్ తీసి అదే గేమ్ మళ్లీ అరగంట ఆడండి. 5 నుంచి 10 డిగ్రీలు తగ్గిందంటే క్యాబినెట్‌లోకి గాలి చాలట్లేదన్నమాట. ముందున్న డస్ట్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా పీసీని గోడకు ఆనించి, కంప్యూటర్ టేబుల్ అరలో దూర్చి ఉంటారు. తేడా పెద్దగా లేదంటే సమస్య హీట్‌సింక్ దగ్గరే.

దుమ్ము పైకి కనిపించేది కొంచెమే. అసలుది ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రేకులకీ మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. పవర్ కేబుల్ తీసేసి, బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోయర్‌తో కొట్టండి. కొట్టేటప్పుడు రెక్కలు తిరగకుండా పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది. పవర్ సప్లైని విప్పొద్దు, కరెంటు తీసినా అందులోని కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది. క్లీన్ చేశాక కూడా సీపీయూ వేడి తగ్గకపోతే, పీసీకి మూడు నాలుగేళ్లు దాటి ఉంటే థర్మల్ పేస్ట్ మార్చండి.

రూపాయి ఖర్చు లేని సెట్టింగ్స్

అసెంబుల్డ్ పీసీల్లో ఎక్కువమంది పట్టించుకోని విషయం ఒకటుంది. మూడు పిన్నుల ఫ్యాన్‌ను మదర్‌బోర్డుకు పెట్టి, బయోస్‌లో ఆ హెడర్ పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంటే ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడే. దాన్ని డీసీ మోడ్‌కి మార్చగానే మోత తగ్గుతుంది. ఫ్యాన్‌ను నేరుగా పవర్ సప్లై మోలెక్స్ వైరుకు తగిలించినా ఇదే బాధ.

తర్వాత ఫ్యాన్ కర్వ్. స్పీడును 20 శాతం తగ్గిస్తే సౌండ్ దాదాపు 5 డెసిబెల్స్ తగ్గుతుంది, చెవికి తేడా బాగానే తెలుస్తుంది. ఫ్యాన్ నిమిషానికోసారి లేచి పడుతుంటే బయోస్‌లో స్టెప్ అప్ టైమ్ కొన్ని సెకన్లు పెంచండి. అయితే టెంపరేచర్ చూడకుండా ఫ్యాన్ గొంతు నొక్కేస్తే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది, గేమ్ నత్తనడక నడుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డుకైతే ఎఫ్‌పీఎస్ లిమిట్ పెట్టండి. 144 హెర్ట్జ్ మానిటర్ మీద 300 ఎఫ్‌పీఎస్ ఎందుకు చెప్పండి? కొన్ని గేముల్లో మెనూ స్క్రీన్‌కే కార్డు ఫుల్ లోడ్‌లో ఉంటుంది.

ఏ పనీ చేయకుండానే మోత వస్తుంటే?

టాస్క్ మేనేజర్ తెరవండి. విండోస్ అప్‌డేటో, యాంటీవైరస్ స్కానో నడుస్తుంటే కాసేపట్లో సర్దుకుంటుంది. టాస్క్ మేనేజర్ తెరవగానే మోత ఆగి, మూయగానే మళ్లీ మొదలవుతుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. క్రాక్ చేసిన గేములతో పాటు వచ్చే కొన్ని క్రిప్టో మైనర్లు ఇలాగే దాక్కుంటాయి. మీ కరెంటు బిల్లుతో ఇంకెవరో సంపాదిస్తుంటారు. అప్పుడు ఫుల్ స్కాన్ చేయాలి, తగ్గకపోతే విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

ఎప్పుడు కొనాలి?

బేరింగ్ పోయిన ఫ్యాన్‌కు మెషీన్ ఆయిల్ చుక్క వేస్తే కొన్నాళ్లే నడుస్తుంది. మంచి 120 ఎంఎం ఫ్యాన్ వెయ్యి రూపాయల్లోపే వస్తుంది, మార్చేయడమే మేలు. లిక్విడ్ కూలర్ ఉంటే ఇంకో విషయం. కొత్తగా బిగించినప్పుడు బుడబుడ శబ్దం కొన్ని రోజులు మామూలే. కానీ ఏ లోడూ లేకుండానే సీపీయూ 90 డిగ్రీలు దాటి, రేడియేటర్ ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడులో తిరుగుతుంటే పంప్ ఆగిపోయి ఉండొచ్చు. వెంటనే షట్‌డౌన్ చేసి, బిల్లు తీసి వారంటీ ఉందేమో చూసుకోండి.