ఓ ముతక కోటు పేరు

నేను చుక్క ముట్టను. అయినా ఇంగ్లీషు మాస్టారుగా బతికినవాణ్ణి, తాగుడు మాటల మీద మోజు పోలేదు. వాటిలో నాకు ఇష్టమైనది గ్రాగ్.

బ్రిటిష్ నౌకాదళంలో ఒకప్పుడు ఒక్కో నావికుడికి రోజుకు అర పింటు, అంటే సుమారు పావు లీటరు, రమ్ము పోసేవారు. చుక్క నీరు కలపకుండా! కొందరు దాచుకుని ఒకేసారి పట్టించేవారు. ఆపైన తెరచాప స్తంభం ఎక్కాలి మరి. 1740లో వెస్టిండీస్‌లో ఉన్న అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ విసిగిపోయి, రమ్ముకు నాలుగింతల నీళ్లు కలిపి రెండు పూటలా పొయ్యమన్నాడు. కలపడం కూడా డెక్ మీదే, లెఫ్టినెంటు కళ్లెదుటే.

నావికులు ఊరుకుంటారా? ఆయన వేసుకునే గ్రోగ్రమ్ అనే ముతక బట్ట కోటును బట్టి ‘ఓల్డ్ గ్రాగ్’ అని అప్పటికే పిలిచేవారు. ఆ పేరే నీళ్ల రమ్ముకూ తగిలించారు. మాస్టార్లకు పేర్లు పెట్టే మన బడిపిల్లల తెలివే అది.

ఆస్ట్రేలియాలో ఇప్పుడు ఏ మద్యమైనా గ్రాగే. గ్రాగీ అంటే మొదట తాగి మత్తెక్కినవాడు. తర్వాత దెబ్బలకు తూలే బాక్సరు, నిద్ర చాలనివాడు కూడా. నౌకాదళంలో రోజువారీ రమ్ము 1970 జులై 31న ఆగింది.

వెర్నన్ కింద పనిచేసిన లారెన్స్ వాషింగ్టన్ అమెరికాలోని తన ఎస్టేటుకు మౌంట్ వెర్నన్ అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత అది సవతి తమ్ముడు జార్జి వాషింగ్టన్‌కు దక్కింది. అధ్యక్షుడిగా దిగిపోయాక ఆయన అక్కడ విస్కీ బట్టీ నడిపాడు.