కొత్త ట్రక్కులో కొత్తదేది?

అమెరికాలో పికప్ ట్రక్కు కొనబోయేవాళ్లకు నలుగురూ చెప్పే సలహా ఒకటుంది. కంపెనీ మోడల్‌ను పూర్తిగా మార్చిన మొదటి ఏడాది కొనొద్దు, ఒక్క ఏడాది ఆగు అని. టెక్సస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకూ ఈ మాట కొత్తేమీ కాదు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఏడాది ఆగితే ఎలాంటి లోపాలు బయటపడతాయి, ఎలాంటివి దాగి ఉండిపోతాయి అన్నది ఎవరూ చెప్పరు. టొయోటా టండ్రా సంగతి చూస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది.

2007 నుంచి 2021 దాకా టండ్రా ఒకే తరంగా నడిచింది. 5.7 లీటర్ల వీ8 ఇంజన్, 6 గేర్ల ఆటోమేటిక్, వెనక లారీలకుండే కమాను కట్టలు. పెట్రోలు విపరీతంగా తాగేది, కానీ మన్నికకు పేరుపడింది. 2022 మోడల్‌కు వచ్చేసరికి దాదాపు అన్నీ మారిపోయాయి. ఛాసిస్ కొత్తది, గేర్లు 10, కమాను కట్టల బదులు కాయిల్ స్ప్రింగులు. అన్నిటికన్నా పెద్ద మార్పు ఇంజన్‌ది. 8 సిలిండర్ల చోట 6 వచ్చాయి, వాటికి రెండు టర్బోలు తోడయ్యాయి. పరిమాణం 5,663 సీసీ నుంచి 3,445 సీసీకి తగ్గింది. టార్క్ మాత్రం సుమారు 544 న్యూటన్ మీటర్ల నుంచి 650కి పెరిగింది.

ఈ అంకెలను ఒకసారి భాగించి చూడండి. పాత ఇంజన్‌లో లీటరుకు 96 న్యూటన్ మీటర్లు వస్తే కొత్తదాంట్లో దాదాపు 189 వస్తున్నాయి. అంటే సిలిండర్ లోపల పిస్టన్‌ను నెట్టే సగటు ఒత్తిడి దాదాపు రెట్టింపయింది. టర్బో చేసే పని అదే. బయటికి పోయే పొగ వేగంతో చక్రం తిప్పి, గాలిని కుదించి సిలిండర్‌లోకి పంపుతుంది. ఎక్కువ గాలి వస్తే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. బరువు లాగనప్పుడు చిన్న ఇంజన్‌లా పొదుపుగా, లాగేటప్పుడు పెద్ద ఇంజన్‌లా బలంగా పనిచేస్తుంది. ఆ ఒత్తిడంతా పిస్టన్ల నుంచి క్రాంక్‌షాఫ్ట్‌కు, అక్కడి నుంచి దాన్ని మోసే మెయిన్ బేరింగులకు చేరుతుంది.

బేరింగ్ అనగానే మనకు ఇనుప గుండ్లు గుర్తొస్తాయి. ఇక్కడ గుండ్లుండవు. రెండు అర్ధచంద్రాకారపు రేకుల మధ్య క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుంది. తిరిగే షాఫ్ట్ ఆయిల్‌ను తనతోపాటు ఈడ్చుకుంటూ ఇరుకు సందులోకి తోస్తుంది. ఆ ఇరుకులో ఆయిల్‌కు ఎంత ఒత్తిడి పుడుతుందంటే, షాఫ్ట్ లోహాన్ని తాకకుండా ఆ పొర మీదే తేలుతుంది. లోహానికి లోహం రాసుకోదు కాబట్టే లక్షల కిలోమీటర్లు తిరిగినా బేరింగ్ అరగదు. యంత్ర నిర్మాణంలో ఇంతకన్నా అందమైన ఏర్పాటు నాకు మరొకటి కనిపించదు. కానీ బరువు బాగా పడినప్పుడు ఆ పొర మందం కొద్ది మైక్రాన్లే ఉంటుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది.

అలాంటి చోటికి లోహపు రజను చేరితే ఏమవుతుంది? రేకు మీదుండే మెత్తటి లోహపు పూత సన్నటి రేణువులను తనలోకి దిగబెట్టుకుని షాఫ్ట్‌ను కాపాడుతుంది. రేణువు పెద్దదైతే అది పైకి పొడుచుకొచ్చి, గీతలు పెట్టి, ఆయిల్ పొరను తెంచుతుంది. పొర తెగిన చోట వేడి పుట్టి, పూత కరిగి, చివరికి ఇంజన్ పట్టేస్తుంది. ఆయిల్ ఫిల్టర్ ఉంది కదా అనుకోవచ్చు. ఫిల్టర్ దాటాక బేరింగ్‌కు వెళ్లే దారుల్లోనే రజను మిగిలిపోతే దాన్ని ఆపేది ఏదీ లేదు.

2024 మేలో టొయోటా చెప్పింది సరిగ్గా ఇదే. ఇంజన్ తయారీలో లోహాన్ని కోసినప్పుడు మిగిలిన రజను పూర్తిగా తొలగకపోయి ఉండవచ్చని, దానివల్ల ప్రయాణంలోనే ఇంజన్ ఆగిపోయే ప్రమాదముందని అమెరికాలో సుమారు 1,02,000 వాహనాలను రీకాల్ చేసింది. అవన్నీ 2022, 2023 మోడళ్లు. ఎక్కువ భాగం టండ్రాలు, కొన్ని లెక్సస్ ఎల్ఎక్స్‌లు. పరిష్కారం ఇంజన్ మొత్తాన్నీ మార్చడమే. 2025 నవంబరులో మరో 1,27,000 వాహనాలను అదే కారణంతో పిలిచింది. ఈసారి 2024 మోడళ్లు కూడా వాటిలో ఉన్నాయి.

ఒక ఏడాది ఆగి 2023లో కొన్నవాళ్లకు ఆ నిరీక్షణ ఏమీ కాపలా కాయలేదన్నమాట. కారణం ఆలోచించదగ్గది. నిజానికి ఈ ఇంజన్ డిజైన్ 2022 నాటికే పాతది. 2017లో వచ్చిన లెక్సస్ ఎల్ఎస్ 500 కారులో ఇదే కుటుంబపు ఇంజన్ ఉంది. రీకాల్‌కు చెప్పిన కారణం గీసిన బొమ్మలో లేదు, దాన్ని వేల సంఖ్యలో కోసి, కడిగి, బిగించే పనిలో ఉంది. డిజైన్ లోపమైతే ప్రతి ట్రక్కులోనూ ఉంటుంది, కాబట్టి త్వరగా బయటపడుతుంది, తర్వాతి ఏడాదికి సరిచేస్తారు. ఏడాది ఆగమనే సలహా పనికొచ్చేది అక్కడే. తయారీ లోపం కొన్ని ట్రక్కుల్లోనే ఉంటుంది. దాన్ని కనిపెట్టేదాకా ఫ్యాక్టరీ అదే తీరులో పనిచేస్తూనే ఉంటుంది.

యంత్రాలు ఏ వయసులో చెడతాయో గ్రాఫ్ గీస్తే తరచూ స్నానపు తొట్టి ఆకారం వస్తుంది. మొదట్లో ఎక్కువ, మధ్యలో తక్కువగా నిలకడ, ముసలితనంలో మళ్లీ ఎక్కువ. స్వీడన్ ఇంజనీరు వాలొడ్డి వైబుల్ 1951లో విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చిన సూత్రంతో ఈ మూడు దశలనూ విడివిడిగా లెక్కగట్టవచ్చు. ఎడమవైపు రేఖ దిగడాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఏ ట్రక్కూ నడిచేకొద్దీ బలపడదు. లోపమున్నవి ముందే రాలిపోవడంతో మిగిలిన గుంపు బలంగా కనిపిస్తుంది, అంతే.

మరి తెలిసినవాళ్లను అడిగి నిర్ణయించుకోవచ్చా? గణాంక శాస్త్రంలో దీనికి తేలికైన లెక్కుంది. ఎంతమందిని అడిగినా ఒక్కరికీ లోపం రాలేదంటే, 3ను ఆ సంఖ్యతో భాగించండి. లోపం రేటు అంత దాకా ఉండవచ్చని 95 శాతం నమ్మకంతో అనుకోవాలి. 30 మంది యజమానులు బ్రహ్మాండంగా ఉందన్నా, నూటికి 10 ట్రక్కులు చెడేవే అయ్యుండే వీలు ఇంకా మిగిలే ఉంటుంది. నూటికి ఒకటి చెడే ట్రక్కయితే, 30 మందిలో ఏ ఒక్కరూ ఫిర్యాదు చేయకపోయే అవకాశం 74 శాతం. పైగా ఆ 30 మందీ 5,000 మైళ్లే నడిపి ఉంటే, 40,000 మైళ్ల దగ్గర వచ్చే లోపం గురించి వాళ్ల సాక్ష్యం ఏమీ చెప్పదు. ఆగాల్సింది క్యాలెండర్‌ను బట్టి కాదు, మొదట కొన్నవాళ్ల ఓడోమీటర్లను బట్టి.

పెద్ద మార్పు ప్రతిసారీ ఇంజన్ ముప్పుగానే రాదు. 2015లో ఫోర్డ్ ఎఫ్-150 ఉక్కు బాడీ వదిలి అల్యూమినియంకు మారింది. కొన్ని రకాల్లో బరువు 700 పౌండ్ల దాకా, అంటే సుమారు 318 కిలోలు తగ్గింది. అమెరికాలో అందరికన్నా ఎక్కువగా అమ్ముడుపోయే ట్రక్కుతో ఇంత సాహసమా అని చాలామంది భయపడ్డారు. తేడా వచ్చింది వేరేచోట. బీమా సంస్థలు నడిపే ఐఐహెచ్ఎస్ పరీక్షల్లో మరమ్మతు ఖర్చు ఉక్కు బాడీ కన్నా 26 శాతం ఎక్కువని తేలింది. ముందు మూల గోడకు తగిలే ఢీ పరీక్షలో నాలుగు తలుపుల సూపర్‌క్రూ మంచి మార్కులు తెచ్చుకుంటే, అదే ఏడాది, అదే పేరున్న సూపర్‌క్యాబ్ బాగా వెనకబడింది. చక్రం క్యాబిన్‌లోకి చొచ్చుకురాకుండా ఆపే అదనపు కమ్మీలను కంపెనీ మొదట సూపర్‌క్రూకే అమర్చింది. కాబట్టి మోడల్ పేరు చూసి ఒకే తీర్పు ఇవ్వలేం.

మళ్లీ టండ్రాకు వద్దాం. కొత్త ఇంజన్‌తో కలిసొచ్చేది కూడా లెక్కించాలి. రెండు చక్రాల డ్రైవ్ రకంలో ప్రభుత్వ అంచనా ప్రకారం గ్యాలన్‌కు 15 మైళ్లు వచ్చేచోట 20 వస్తున్నాయి. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే 800 గ్యాలన్ల బదులు 600 చాలు. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే 600 డాలర్ల ఆదా. మంచి మొత్తమే. కానీ ట్రెయిలర్ లాగడమే బతుకుతెరువైనవాళ్లకు ఇంజన్ మార్చేదాకా ట్రక్కు షెడ్డులో పడి ఉండే వారాల ముందు అది నిలవదు. అలాంటివాళ్లు పాత తరం చివరి ఏడాది ట్రక్కు, 14 ఏళ్లు సానపట్టిన 2021 వీ8 లాంటిది, వెతుక్కోవడమే మేలని నా అభిప్రాయం. ఇంట్లో మరో బండి ఉండి, ట్రక్కు వారాంతపు అవసరమే అయినవాళ్లు కొత్తదాన్ని ధైర్యంగానే కొనవచ్చు. టొయోటా ఇంజన్, గేర్‌బాక్సులకు 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల వారంటీ ఇస్తుంది. ఆ లోపే బాగా బరువు లాగించి చూడటం మంచిది. చెడేదేదో కంపెనీ ఖర్చుతోనే చెడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో 2022-24 టండ్రా చూస్తున్నవాళ్లు మొదట దాని 17 అక్షరాల విన్ నంబరును జాతీయ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో కొట్టి చూడాలి. రీకాల్ పని మిగిలుందో లేదో అక్కడ తెలుస్తుంది. భాగాలవారీగా యజమానులిచ్చిన ఫిర్యాదులూ అక్కడే చదవవచ్చు. 2024 రీకాల్‌లో హైబ్రిడ్ టండ్రాలు లేవు. ఇంజన్ ఆగినా ఎలక్ట్రిక్ మోటారు బండిని కొంత నడిపించగలదన్నది అందుకు కారణం. దాన్ని రజను లేదన్న హామీగా తీసుకోవద్దు. ఇంజన్ మార్చిన ట్రక్కయితే ఎన్ని మైళ్ల దగ్గర మార్చారో కాగితాల్లో చూడండి. ఓడోమీటర్ 50,000 చూపించినా, 45,000 దగ్గర వేసిన ఇంజన్ తొట్టి రేఖకు ఎడమ చివర, 5,000 మైళ్ల వయసులోనే ఉంటుంది.