పడుకునే ముందు అప్పగింతలు

"సార్, సిస్టమ్ ఆఫ్ చేశాం కదా, వెనకాల లైటు ఇంకా మిణుకుమిణుకుమంటోందేంటి?"

విజయవాడలో నేను పాఠాలు చెప్పే ల్యాబులో ఓ అమ్మాయి అడిగింది. పాఠం పక్కనపెట్టి ఓ పాత సీపీయూ మూత విప్పాను. పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే తీగల్లో ఊదా రంగుది ఒకటుంటుంది. మీటరు పెడితే, ఆఫ్ చేసిన సిస్టమ్‌లోనూ 5 వోల్టులు చూపించింది. ఆ కాస్త కరెంటు మీదే నెట్‌వర్క్ కార్డు చెవులు రిక్కించి కూర్చుంటుంది.

ఎవరి పిలుపు కోసం? 1995లో ఏఎమ్‌డీ, హ్యూలెట్-ప్యాకర్డ్ కలిసి రూపమిచ్చిన 'మ్యాజిక్ ప్యాకెట్' కోసం. అందులో మ్యాజిక్కేమీ లేదు. ముందు ఎఫ్ఎఫ్ అనే బైటు 6 సార్లు, వెంటనే ఆ కార్డు మ్యాక్ అడ్రసు 16 సార్లు. అడ్రసుకు 6 బైట్లు చొప్పున మొత్తం 102 బైట్లు.

పదహారు సార్లెందుకు? కార్డు పేరిట వచ్చే ప్రతి మామూలు ప్యాకెట్ మీదా దాని అడ్రసు ఎలాగూ ఒకసారి ఉంటుంది. పేరు వినపడగానే లేస్తే రాత్రంతా జాగారమే! వరసగా పదహారు సార్లు యాదృచ్ఛికంగా రావడం జరిగే పని కాదు. నాకు ముచ్చటేసేది ఇంకోటి. ఈ పిలుపు ప్యాకెట్‌లో ఎక్కడున్నా ఫర్వాలేదు. ఐపీ అంటే ఏంటో, యూడీపీ అంటే ఏంటో కార్డుకు తెలియక్కర్లేదు. పోల్చి చూడటం, లెక్కపెట్టడం వస్తే చాలు. లెక్క పదహారుకు చేరగానే మదర్‌బోర్డుకు కబురు పెడుతుంది. అది పవర్ సప్లై ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది. ఫ్యాను తిరుగుతుంది.

ఉయ్యూరు దగ్గర మా బాబాయి బోరుకు మొబైల్ స్టార్టర్ పెట్టించాడు. ఇంట్లోంచి ఫోను కొడితే చేలో మోటారు ఆడుతుంది. మోటారు పడుకున్నా ఆ చిన్న పెట్టె మేలుకునే ఉంటుంది. కిటుకు అదే.

అయితే కార్డుకు చెవులుంటే సరిపోదు, వినమని చెప్పేవాళ్లుండాలి. ఆ పని డ్రైవరు ప్రోగ్రామ్‌ది. తెల్లారి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాల్సినవాడు ఇంట్లో చెప్పి పడుకున్నట్టే, లేవడం సంగతంతా పడుకునే ముందే తేలిపోవాలి. లైనక్స్‌లో ఈథ్‌టూల్‌తో 'జీ' అక్షరం పెడితే మ్యాజిక్ ప్యాకెట్‌కు లేవమని, 'డీ' పెడితే దేనికీ లేవొద్దని. కార్డుకు చేతకానిది అడిగితే డ్రైవరు మొహమాటం లేకుండా కుదరదనాలి. నిద్ర వేళకు రాకపోకలు ఆపి, మేల్కొలుపు రిజిస్టర్లు నింపాలి. చాలా కార్డుల్లో కరెంటు పొదుపు కోసం లింకు వేగం కూడా తగ్గిస్తుంది. అన్నిటికీ మించి, తీగ మీది సిగ్నల్‌ను పట్టే భాగాన్ని ఆర్పేయకూడదు. ఆర్పితే చెవుల్లో దూది పెట్టినట్టే. లేచాక మేల్కొలుపు గుర్తును చెరిపేయాలి. మరిస్తే మళ్లీ పడుకోబోయేసరికి ఆ పాత గుర్తే తట్టి లేపుతుంది.

ఇది నాకు ఓ మే నెలలో తెలిసొచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. టేబుల్ దగ్గర్నుంచి ప్యాకెట్లు పంపితే సగం సిస్టమ్‌లు ఉలకలేదు, పలకలేదు. కరెంటుతోపాటు వాటి రిజిస్టర్లలోని అప్పగింతలూ తుడిచిపెట్టుకుపోయాయి. లేచినవి ఆ సంగతిని చిప్పులో శాశ్వతంగా రాసిపెట్టుకున్న రకం. కరెంటు రాగానే వాటంతటవే ఆన్ అయ్యేలా బయోస్‌లో మార్చి, ఒకసారి లేపి, పద్ధతిగా షట్‌డౌన్ చేయించాను. అంటే డ్రైవరు చేతుల మీదుగా పడుకోబెట్టాను.

ఈ మ్యాజిక్ ప్యాకెట్ తర్వాతి చరిత్ర చిన్నదే. ఐబీఎం, ఇంటెల్ జట్టు దీన్ని 'వేక్ ఆన్ ల్యాన్' పేరుతో ప్రచారం చేసింది. ఏఎమ్‌డీ ఓ చెయ్యి వేసిన పిలుపుకు దాని ప్రత్యర్థి ఇంటెల్ కార్డులూ బుద్ధిగా లేస్తున్నాయి.

అలా పద్ధతిగా పడుకోబెట్టిన మర్నాడు ల్యాబులో మళ్లీ ప్యాకెట్లు పంపాను. వరసగా అన్నీ లేచాయి, మూలనున్న ఒక్కటి తప్ప. డ్రైవరా, బయోసా అని నేను బుర్ర గోక్కుంటుంటే, ఆ అమ్మాయి వెళ్లి దాని వెనక్కి తొంగి చూసింది.

"దీనికి లైటే లేదు సార్."

రాత్రి వాచ్‌మన్ పొదుపు చేద్దామని గోడ స్విచ్చి కట్టేశాడు.