పడమటి కిటికీకి బయటి తెర

2018 సంవత్సరంలో రమజాన్ మాసం మే మూడవ వారంలో ప్రారంభమై జూన్ నడిమి వరకు సాగింది. పల్నాటి ఎండలను ఎరిగినవారికి ఆ ముప్ఫై రోజులు ఎలా గడిచాయో వివరించనవసరం లేదు. ప్రతి వేసవిలో రెంటచింతల పేరు పత్రికలకెక్కే ప్రాంతం మాది. నరసరావుపేటలోని మా ఇంట్లో వంటగది పడమటి దిక్కున ఉంది. ఇఫ్తార్ కోసం వంట పని అస్ర్ నమాజ్ ముగియగానే మొదలయ్యేది. సరిగ్గా ఆ వేళకే సూర్యుడు వంటగది కిటికీకి ఎదురుగా దిగివచ్చేవాడు. ఒక ప్రక్క పొయ్యి సెగ, మరొక ప్రక్క కిటికీ సెగ. అటువంటి ఒక సాయంత్రం మా అమ్మీ చేతిలో గరిటె ఉండగానే గోడకు ఆనుకొని కూలబడిపోయారు.

ఆసుపత్రిలో వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఎండలోకి వెళ్లారా?" అని. ఉదయం నుండి గడప దాటలేదని చెప్పాము. ఆయన ఆశ్చర్యపోలేదు. ఇంట్లో ఉండి వడదెబ్బకు గురైనవారు ఆ వారంలో తమ వద్దకు మరికొందరు వచ్చారనీ, వారిలో అధికులు స్త్రీలూ వృద్ధులేననీ చెప్పారు. అమ్మీ ఆ రోజు ఉపవాసం విరమించవలసివచ్చింది. దానిని శీతకాలంలో, పగలు చిన్నవైన రోజులలో తీర్చుకున్నారు.

2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వేయిమందికి పైగా మరణించిన సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు. ఆనాటి నుండి మనం తలపాగా, మజ్జిగ, గొడుగు, మధ్యాహ్నం బయట తిరగరాదన్న హెచ్చరిక, ఇవన్నీ నేర్చుకున్నాము. ఇవన్నీ బయటకు వెళ్లేవారికి సంబంధించినవే. రోజంతా ఇంటిలోనే ఉండేవారి మాటేమిటన్నది మా ఇంట అమ్మీ పడిపోయేవరకు మాకు తోచలేదు. ఈ విషయంలో మేము చేసిన పొరపాట్లు కూడా దాచకుండా ఇక్కడ వ్రాస్తున్నాము.

మొట్టమొదట మేము చేసిన పని కిటికీ లోపలి వైపు మందపాటి పరదాలు వేలాడదీయడం. గది చీకటైంది, వేడి మాత్రం తగ్గలేదు. కారణం తరువాత తెలిసింది. సాధారణమైన గాజు తనపై పడిన ఎండలో నూటికి ఎనభై పాళ్ల వరకు లోపలికి విడిచిపెడుతుంది. అలా లోపలికి వచ్చిన ఎండ పరదాను తాకి దానిని వేడెక్కిస్తుంది. వేడెక్కిన పరదా ఆ వేడిని గదిలోనికే వదులుతుంది. గదిలోని వస్తువుల నుండి వెలువడే వేడికిరణాలకు గాజు దారి ఇవ్వదు. అంటే లోపలికి రావడానికి తలుపు తెరిచి ఉంటుంది, తిరిగి పోవడానికి మూసి ఉంటుంది. పరదా లోపల ఉన్నంతకాలం శత్రువును ఇంట్లోకి రానిచ్చి వాకిలి వేసుకున్నట్లే.

అదే తెరను కిటికీకి బయట కడితే, వేడెక్కినా ఆ వేడి బయటి గాలిలోనే కలిసిపోతుంది. తేడా అంతా ఇందులోనే ఉంది. అమెరికా ఇంధన శాఖ గృహస్థులకిచ్చిన సూచనల ప్రకారం, వెనుక తెల్లని ప్లాస్టిక్ పొర గల లోపలి పరదా ఎండవేడిని సుమారు 33 శాతం తగ్గించగలదు. బయట అమర్చిన నీడకప్పు దక్షిణపు కిటికీకి 65 శాతం వరకు, పడమటి కిటికీకి 77 శాతం వరకు తగ్గించగలదు. వారి దేశంలో సూర్యుని గమనం వేరు గనుక ఆ అంకెలను యథాతథంగా మన ఇళ్లకు అన్వయించలేము. లోపలి తెరకంటె బయటి నీడ ఎంత మేలో మాత్రం వాటివల్ల తెలుస్తుంది.

"మా కిటికీలకు రెండడుగుల సజ్జా ఉంది కదా, అది చాలదా?" అని మమ్మల్ని చాలామంది అడిగారు. దీనికి సమాధానం నమాజ్ వేళలు ఎరిగిన ప్రతి ఇంటిలోనూ ఉంది. మే మొదటి వారంలో పల్నాటికి, రెండవ వారంలో హైదరాబాదుకు మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిలువు వస్తువుకు నీడ దాదాపు ఉండదు. ఒక వస్తువు నీడ దాని ఎత్తుకు సమానమైనప్పుడు అస్ర్ వేళ ప్రవేశిస్తుందని కొందరు ఇమాములు, రెట్టింపైనప్పుడని హనఫీ ఫిఖహ్ చెబుతాయి. నీడ ఎత్తుకు సమానమైన వేళ సూర్యుడు ఆకాశంలో సగం ఎత్తున ఉంటాడు. అప్పుడు రెండడుగుల సజ్జా పడమటి గోడపై క్రిందికి రెండడుగుల నీడనే ఇస్తుంది. నీడ రెట్టింపైన వేళకు, అంటే హనఫీ అస్ర్ సమయానికి, ఆ నీడ ఒక్క అడుగుకు కుదించుకుపోతుంది. కిటికీ నాలుగడుగులదైతే మూడడుగుల మేర ఎండ నేరుగా లోపలికి వస్తుంది. మగ్రిబ్ సమీపిస్తున్నకొద్దీ సజ్జా ఉన్నా లేనట్లే. దక్షిణపు కిటికీకి వేసవిలో సజ్జా చాలు. పడమటి, తూర్పు కిటికీలకు మాత్రం నిలువుగా దిగే తెర ఉండవలసిందే. ప్రజలు సాధారణంగా ఇంటికి దక్షిణపు వైపు జాగ్రత్తలన్నీ చేసి పడమరను వదిలివేస్తారు. మేమూ అలాగే చేశాము.

మా రెండవ పొరపాటు 2019లో జరిగింది. వంటగదిని ఆనుకొని పన్నెండడుగుల సెహన్ ఉంది. ఇఫ్తార్‌కు కుటుంబమంతా కూర్చునేది అక్కడే. దానిపై ఇనుపరేకులు వేయించాము. నీడైతే వచ్చింది. మధ్యాహ్నానికి రేకు చేయి పెట్టలేనంతగా కాగి, ఆ సెగను క్రింద కూర్చున్నవారి తలలపైకి పంపేది. రాత్రి ఇషా తరువాత కూడా సెహన్ చల్లబడేది కాదు. నేల పగలు పీల్చుకున్న వేడి రాత్రి ఆకాశంలోకి పోవాలి, పైన రేకు అడ్డుగా ఉంటే ఎలా పోతుంది? పూర్వం ఆరుబయట మంచాలు వేసుకున్నవారికి ఇది పాఠం చెప్పకుండానే తెలుసు.

ఈ సమస్యకు పరిష్కారాన్ని ఉమ్రాకు వెళ్లివచ్చిన మా బావగారు ఒక్క మాటలో చెప్పారు. "మదీనాలో గొడుగులను చూడలేదా?" అన్నారు. మస్జిదె నబవీ చుట్టూ ఉన్న విశాలమైన ఆవరణలో 250 పెద్ద గొడుగులు ఉన్నాయి. పగలు అవి విచ్చుకొని లక్షలాది యాత్రికులకు నీడనిస్తాయి. సాయంత్రం ముడుచుకొని సన్నని స్తంభాల వలె నిలబడతాయి. ఎండ ఉన్నంతసేపు కప్పి, ఎండ పోగానే ఆకాశాన్ని తెరిచి ఉంచడం అందులోని కిటుకు. ఒక చిన్న సెహన్‌కు అదే పనిని చుట్టుకొనే తెర చేస్తుంది. మేము రేకులు తీసివేయించి అమ్మివేశాము. పెట్టిన డబ్బులో సగం కూడా రాలేదు.

అదే బావగారు కొన్నేళ్లు జిద్దాలో ఉద్యోగం చేశారు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పాత జిద్దా వీధులలో, మేడల ముఖాలపై ముందుకు పొడుచుకొని వచ్చిన కొయ్య జాలీ కిటికీలను ఆయన వర్ణిస్తుంటే వినాలి. వాటిని అక్కడ రౌషన్ అంటారు. కైరోలో మష్రబియా అంటారు. తాగడమన్న అర్థం గల అరబీ ధాతువు నుండి ఆ పేరు వచ్చిందంటారు, ఆ జాలీల దగ్గర తాగునీటి కూజాలు పెట్టుకొనేవారు గనుక. ఎండ ఆగుతుంది, గాలి ఆడుతుంది, లోపలి స్త్రీలకు వీధి కనిపిస్తుంది, వీధివారికి లోపల కనిపించదు. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ గత శతాబ్దంలో ఈ పాత ఉపాయాలను శ్రద్ధగా అధ్యయనం చేసి వ్రాశారు. నీడను దైవానుగ్రహాలలో ఒకటిగా నహ్ల్ సూరా పేర్కొన్నదని మనకు తెలుసు. ఎడారి ప్రజలు ఆ అనుగ్రహాన్ని ఎంత తెలివిగా వాడుకున్నారో ఈ కిటికీలు చెబుతాయి.

మన ప్రాంతమూ ఇందులో వెనుకబడినది కాదు. హైదరాబాదు పాత ఇళ్ల దాలాన్లకు వెదురు చిలమన్లు వేలాడేవి. మన ఊళ్లలో మేదరివారు అల్లిన తడికెలు, వట్టివేళ్ల తెరలు వసారాలను కాపాడేవి. వట్టివేళ్లపై నీళ్లు చల్లితే వాటి గుండా వచ్చే గాలి చల్లబడి పరిమళిస్తుంది. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకొంటుంది గనుక గాలి పొడిగా ఉన్న చోటనే ఇది బాగా పని చేస్తుంది. నిజామాబాదు, కరీంనగర్, పల్నాడు ప్రాంతాలలో ప్రయోజనం ఎక్కువ. మచిలీపట్నం, నెల్లూరు వంటి సముద్రతీరాలలో ఉక్కపోతను పెంచడం తప్ప పెద్ద ఫలితం ఉండదు. మేలో నీళ్ల ట్యాంకరు కోసం వరుసలో నిలబడే ఇళ్లకు దీనిని మేము సిఫారసు చేయము.

ఇక నేటి చుట్టుతెర. దుకాణాలలో దీనిని రోలర్ బ్లైండ్ అంటారు. పైన ఒక లోహపు గొట్టం, దానికి చుట్టుకొనే జాలీగుడ్డ, అడుగున బరువుకోసం ఒక కమ్మీ, ప్రక్కన గేరుపెట్టె, దానిని తిప్పడానికి పొడవాటి పిడి. మోటారుతో నడిచేవీ ఉన్నాయి, ఇంటి అవసరాలకు చేతిపిడి చాలు. కొనేటప్పుడు మోసపోకుండా చూసుకోవలసినది గుడ్డ విషయంలో. వానజల్లు ఆపడానికి అమ్మే పారదర్శకమైన ప్లాస్టిక్ తెరలను ఎండకు కూడా పని చేస్తాయని అంటగడతారు. వెలుతురు ధారాళంగా వచ్చేచోట వేడీ వస్తుంది. మాకు అటువంటిదే ఒకటి మొదట అంటగట్టబడింది. సన్నని రంధ్రాల నేతగుడ్డ కావాలని అడగాలి. రంధ్రాల వంతు 5 శాతం ఉన్నదైతే ఎండ బాగా ఆగుతుంది, కొంత గాలి ఆడుతుంది, బయటి దృశ్యమూ లీలగా కనిపిస్తుంది. లేతరంగు ఎండను తిప్పికొడుతుంది. ముదురురంగు బయటిని స్పష్టంగా చూడనిస్తుంది. బయటి ముఖం లేతగా, లోపలి ముఖం ముదురుగా ఉన్న గుడ్డ దొరికితే అంతకంటె మంచిది లేదు.

తెరను కిటికీకి అతికించినట్లు బిగించరాదు. జానెడు ఎడం ఉండాలి, పైభాగం మూసుకుపోకూడదు. మధ్యలో కాగిన గాలి పైకి లేచి పోవడానికి దారి అది. వంటగదికైతే ఈ ఎడం మరీ అవసరం, పొయ్యి ఉన్నచోట గాలి స్తంభించరాదు. తెర వెడల్పు కిటికీకి మాత్రమే సరిపెట్టక వీలైనంత గోడను కూడా కప్పాలి. ఇటుక గోడ సాయంత్రం త్రాగిన ఎండను కొన్ని గంటల తరువాత, మనం నిద్రకు ఉపక్రమించే వేళకు, లోపలికి వదులుతుంది. తెర వేసిన మొదటి వారంలో రాత్రిపూట గోడను చేతితో తాకి తేడా తెలుసుకొని అమ్మీ ఎంతో సంతోషించారు.

పరదా పాటించే ఇళ్లు ఒక సంగతి తప్పక గమనించాలి. జాలీతెర పగలు బయటివారి చూపును ఆపుతుంది, ఎందుకంటే బయట వెలుగు ఎక్కువ, లోపల తక్కువ. దీపాలు వెలిగిన తరువాత పరిస్థితి తలక్రిందులవుతుంది. లోపలివారు స్పష్టంగా కనిపిస్తారు, బయట ఎవరున్నారో లోపలివారికి తెలియదు. ఈ విషయం అమ్మినవారెవరూ మాకు చెప్పలేదు. ఎదురింటి బామ్మగారు పిలిచి చెప్పేదాకా మేము గ్రహించలేదు. మగ్రిబ్ తరువాత లోపలి పరదా వేసుకోవలసిందే. తీసివేద్దామనుకున్న పాత పరదాలు అలా మళ్లీ పనికివచ్చాయి.

వేసవి వానలకు ముందు వచ్చే ఈదురుగాలి ఈ తెరలకు పెద్ద శత్రువు. ఆకాశం మబ్బు పట్టగానే తెరను పైకి చుట్టివేయాలి. లేకుంటే తెరచాపలాగా గాలిని పట్టుకొని గోడలోని మేకులతో సహా ఊడివస్తుంది. ఇరుప్రక్కల ఉక్కుతీగలు బిగించుకుంటే మామూలు గాలికి కొట్టుకోదు. త్రాడుతో లాగే రకమైతే త్రాడు కొసను పిల్లలకు అందని ఎత్తున కట్టాలి, వ్రేలాడే త్రాడు పసిపిల్లల మెడకు ఉరిగా మారిన ఘటనలు లోకంలో ఉన్నాయి. తెర ప్రక్కింటి గాలికి అడ్డు కాకుండా, వాననీరు వారి గోడపై కారకుండా ముందే మాట్లాడుకోవడం పొరుగువారి హక్కు. అద్దె ఇళ్లలో గోడకు రంధ్రాలు వేసేముందు యజమానిని అడగాలి.

ఇంత ఖర్చు భరించలేనివారికి నర్సరీలవారు వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్ ఉంది. దానిపై వ్రాసిన 50, 75, 90 అంకెలు అది ఇచ్చే నీడ శాతాన్ని చెబుతాయి. పడమటి గోడకు 75 కొని, పైనా క్రిందా వెదురు కర్రలకు కుట్టుకుంటే చుట్టుకోవడానికీ వీలుగా ఉంటుంది. తడికె అంతకన్నా నయం. రేకుల ఇళ్లవారికి మాత్రం పక్క తెరలకంటె ముందు కప్పు సంగతి చూడాలి. నడినెత్తి సూర్యుని దెబ్బ కప్పుపైనే పడుతుంది. పైన తెల్లసున్నం పూసినా ఉపశమనం ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించినది ఈ ఉద్దేశ్యంతోనే.

మా ఇంట ఇప్పుడు జుహర్ నమాజ్ కాగానే తెర దించడం, మగ్రిబ్ అజాన్ వినగానే పైకి చుట్టడం చిన్నవాడి పని. వాడు మరచిన రోజున అమ్మీ వంటగదిలో నుండి కేక వేస్తారు. ఈ సంవత్సరం గుడ్డ అడుగు అంచు చినిగింది. గుడ్డ ఒక్కటే మార్పించాము, గొట్టమూ గేరూ పాతవే.