ఫోను పాఠం, పలక పాఠం: రెండూ కలిస్తేనే చదువు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని పడమరకు వెళ్తే ముందు మొయినాబాద్, తర్వాత చేవెళ్ల వస్తాయి. ఈ దారి పాత మర్రిచెట్లకు పేరుపొందింది. ఆ చెట్ల వెనక రెండు లోకాలున్నాయి. ఒకవైపు ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, పెద్ద ఫీజుల స్కూళ్లు. మరోవైపు కూరగాయల మడుల్లో, పూల తోటల్లో కూలికి వెళ్లేవారి పిల్లలు చదివే సర్కారు బడులు. ఒక బిడ్డకు సొంత ట్యాబ్ ఉంటుంది. ఇంకో బిడ్డ నాన్న పనినుంచి తిరిగివచ్చేదాకా, అంటే ఫోను ఇంటికి వచ్చేదాకా, ఎదురుచూస్తుంది.

ఈమధ్య మన సంఘాల్లోని తల్లిదండ్రుల నోట ‘బ్లెండెడ్ లెర్నింగ్’ అన్న మాట తరచుగా వినబడుతోంది. కొందరికి అది గొప్పగా తోస్తుంది. కొందరికి, ‘పిల్లలకు ఫోను అప్పగించి టీచర్లు కూర్చుంటారేమో’ అని భయం. ఈ రెండు ఆలోచనలూ సరైనవి కావు. అందుకే ప్రాథమిక పాఠశాల వరకు ఈ పద్ధతి ఏమిటో, మన సంఘాలకు ఇందులో పనేమిటో ఈ వారం చెప్పుకుందాం.

బ్లెండెడ్ లెర్నింగ్‌ను తెలుగులో మిళిత అభ్యసనం అంటున్నారు. టీచరు ఎదురుగా ఉండి నేర్పే పాఠాన్నీ, వీడియో లేదా కంప్యూటర్ ద్వారా నేర్చుకునే పాఠాన్నీ ఒక పథకం ప్రకారం కలపడమే ఇది. ఇందులో ముఖ్యమైన మాట ‘పథకం ప్రకారం’. గోడమీద టీవీ బిగించి, అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి వీడియో వేస్తే అది మిళిత అభ్యసనం కాదు. తెరమీద బిడ్డ ఏం చేసిందో టీచరు చూడాలి. చూసి, తర్వాత ఏం నేర్పాలో మార్చుకోవాలి. అప్పుడే రెండూ కలిసినట్టు.

2020లో మనం చూసింది ఇది కాదు. ఆ మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు డీడీ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు ప్రసారం చేశారు. బడి లేని రోజుల్లో అది పెద్ద ఆసరాయే. కానీ టీవీ చెప్పగలదేగాని, అడగలేదు. అర్థంకాని బిడ్డ ముఖం దానికి కనబడదు. పైగా ఒకటి, రెండు తరగతుల పసివాళ్లకు మొదట్లో ఆ ప్రసారాలూ లేవు.

ఫలితం ఏమిటో అసర్ గ్రామీణ సర్వే చూపించింది. తెలంగాణలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం. 2022లో 5.2 శాతం. అంటే నూరుమందిలో ఐదుగురు. 2022లో మూడో తరగతిలో ఉన్న ఈ పిల్లలు ఎవరు? 2020లో ఒకటో తరగతిలో చేరవలసినవాళ్లు. అక్షరాలు దిద్దించవలసిన ఏడాదిలో వాళ్లకు బడి లేదు. అయితే బడులు తెరిచివున్న 2018లో కూడా నూటికి 18 మందే చదవగలిగారన్నది మరిచిపోకూడదు. కాబట్టి తప్పంతా కరోనాది కాదు.

ఇళ్లలో ఫోను ఉన్నంతమాత్రాన సరిపోదని కూడా అప్పుడే తేలింది. దేశవ్యాప్తంగా చూస్తే 2021 నాటికి గ్రామీణ విద్యార్థుల ఇళ్లలో 67.6 శాతం ఇళ్లకు స్మార్ట్‌ఫోన్ వచ్చింది. కానీ ఫోను ఉన్న ఇళ్లలోనూ నాలుగోవంతు పైగా పిల్లలకు అది చదువుకోసం చేతికి అందలేదు.

మరి సరైన పద్ధతిలో తరగతి ఎలా నడుస్తుంది? ఇరవైనాలుగుమంది పిల్లలు, ఒక టీచరు, నాలుగు ట్యాబ్‌లు ఉన్న మూడో తరగతిని ఊహించుకుందాం. టీచరు పిల్లల్ని మూడు జట్లు చేస్తారు. ఒక జట్టు ఇద్దరికి ఒక ట్యాబ్ చొప్పున లెక్కలు సాధన చేస్తుంది. రెండో జట్టు పలకలు, పుల్లలు, గింజలతో కలిసి పనిచేస్తుంది. మూడో జట్టు టీచరు దగ్గర కూర్చుంటుంది. ఇరవై నిమిషాలకోసారి జట్లు చోటు మారతాయి. గంటలో ప్రతి బిడ్డా మూడు చోట్లా కూర్చుంటుంది. అందరికీ కలిపి చెప్పేటప్పుడు వెనక వరసలో దాగిపోయే బిడ్డ, ఎనిమిదిమందిలో దాగలేదు. ట్యాబ్ చేసిన అసలు మేలు ఇదే. అది టీచరుకు ఇరవై నిమిషాల తీరిక ఇచ్చింది. ఆ తీరికలో చదువు వస్తుంది.

ఒక లెక్క చూడండి. 52లోనుంచి 27 తీసివేయమంటే ఒక బిడ్డ 35 అని కొట్టింది. ట్యాబ్ ‘తప్పు’ అని చూపించి ఇంకో లెక్క ఇస్తుంది. బిడ్డ మళ్లీ అలాగే చేస్తుంది. టీచరుకైతే ఆ 35 చూడగానే సంగతి తెలిసిపోతుంది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి, బిడ్డ ఏడులోంచి రెండు తీసేసింది. అప్పుడు టీచరు ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి, ‘టమాటాలకు ఇరవైఏడు రూపాయలు ఇయ్యి’ అంటారు. బిడ్డ తడుముకుంటుంది. ఒక పది నోటుకు చిల్లర అడుగుతుంది. లెక్క అక్కడ అర్థమవుతుంది. ఆ తర్వాత ట్యాబ్ దగ్గరికి వెళ్లి అలాంటివే పది చేస్తే అది చేతికి పట్టుబడుతుంది. సాధన యంత్రం చేయించగలదు. తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవడానికి మనిషి కావాలి.

భాష సంగతీ అంతే. వీడియోలో వినిపించేది పుస్తకాల తెలుగు, లేదా ఇంగ్లిషు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలిచ్చారు. ఇంట్లో లంబాడీయో, ఉర్దూయో మాట్లాడే బిడ్డకు ఈ రెండూ కొత్తే. ఆ బిడ్డ మాటలోకి పాఠాన్ని దించగలిగేది పక్కన కూర్చున్న టీచరే.

ఇది మన అభిప్రాయం మాత్రమే కాదు. ఢిల్లీలో బడి తర్వాత నడిచిన మైండ్‌స్పార్క్ కేంద్రాల మీద కార్తీక్ మురళీధరన్, ఇంకా ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అక్కడ పిల్లలు కొంత సమయం కంప్యూటర్ మీద తమ స్థాయికి తగిన లెక్కలు, హిందీ చేశారు. మిగతా సమయం చిన్న జట్టుగా ఒక మనిషి దగ్గర కూర్చున్నారు. సుమారు నాలుగున్నర నెలల్లో, లాటరీలో అవకాశం రాని పిల్లలకంటే వీళ్లు స్పష్టంగా ముందుకెళ్లారు. వాళ్లు ప్రాథమిక తరగతులవాళ్లు కాదు, పెద్ద పిల్లలు. అయినా పాఠం మనకు పనికొస్తుంది. దీనికి భిన్నంగా, పెరూ దేశంలో పల్లె బడులకు లాప్‌టాప్‌లు పంచి ఊరుకున్నారు. పిల్లల లెక్కల్లో, చదవడంలో మెరుగు కనబడలేదు.

ఎవరి స్థాయినుంచి వారిని నడిపించడం తెలుగునేలకు కొత్తకాదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ కేంద్రంలో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు కరెంటు, కంప్యూటర్ అక్కర్లేని అట్టకార్డులతోనే ఆ పని చేశారు. ఒకే టీచరు ఉన్న బడిలో కూడా ప్రతి బిడ్డా తన మెట్టునుంచి పైకెక్కే పద్ధతి అది. తెలంగాణలో 2022 ఆగస్టులో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం కూడా ఒకటినుంచి ఐదో తరగతి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి వచ్చిందే.

ఇక మన సంగతి. చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో ఉన్న మన మందిరాలు ఆదివారం నిండుతాయి, వారంలో చాలా రోజులు తాళం వేసి ఉంటాయి. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు పెట్టినప్పుడు, వారమంతా పనిచేసే పేదపిల్లలకు చదవడం నేర్పడం అందులో ముఖ్యమైన భాగం. ఆ పని మనకు పరాయిది కాదు.

సంఘం చేయగలిగినవి కొన్ని. సాయంత్రం గంటన్నరసేపు హాలు తెరవండి. లైటు, చాప, మంచినీళ్లు చాలు. ఇళ్లలో మూలనపడ్డ పాత స్మార్ట్‌ఫోన్లు నాలుగు సమకూర్చండి. సిమ్ తీసేయండి, పాఠాలు ముందే డౌన్‌లోడ్ చేయండి, అప్పుడు ప్రకటనలు, ఆటలు అడ్డురావు. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ‘దీక్ష’లో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. మొదలుపెట్టేముందు ఊరి బడి టీచరును కలిసి, ఈ వారం ఏ పాఠం నడుస్తోందో, ఏ బిడ్డ ఎక్కడ ఆగిందో అడగండి. వాళ్లకు పోటీగా కాదు, తోడుగా ఉండండి. ఫోను ముందు ఇరవై నిమిషాలు చాలు. మిగతా సమయం బిడ్డ పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వినే పెద్దమనిషి కావాలి. ఇంటర్ చదివే అక్కో, రిటైరైన మాస్టారో ఆ పని చేయగలరు.

కొన్ని హద్దులూ ఉన్నాయి. తలుపులు తెరిచే ఉండాలి, ఇద్దరు పెద్దవాళ్లు తప్పక ఉండాలి. పిల్లల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. ఏ ఇంటి బిడ్డ వచ్చినా లోపలికి రానివ్వాలి. చదువుకి వచ్చిన బిడ్డను మతం అడగకూడదు, చదువును ఎరగా వాడకూడదు. ఆ గంటన్నర చదువుకే.

ప్రియ పాఠకులారా, పరికరాలు కొనడానికి చందాలు వసూలు చేసేముందు ఒక చిన్న పని చేయండి. ఈ వారం మీ ఇంట్లోనో పక్కింట్లోనో మూడో తరగతి చదివే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. పదిమందిలో వద్దు, ఒంటరిగా, ప్రేమగా. రెండో తరగతి పుస్తకంలో ఒక పేజీ చదవమనండి. బిడ్డ ఏ మాట దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకోండి. మీ సంఘం పని అక్కడే మొదలవుతుంది.